జీలకర్ర బెల్లానికో మెమరీ కార్డు

మా ఆయన ఏదైనా వస్తువు కొనాలంటే ముందు దాని మీద పీహెచ్‌డీ చేస్తాడు. పట్టా చేతికొచ్చేలోపు ఆ వస్తువు బజార్లో దొరకడం మానేస్తుంది. ఒకసారి కుక్కర్ గాస్కెట్ కోసం చిక్కడపల్లి నుంచి కాచిగూడ దాకా దుకాణాలన్నీ తిరిగి, ప్రతి దుకాణదారుడికీ రబ్బరు గుణగణాల మీద ఉపన్యాసమిచ్చి, అన్నిటికంటే మేలైన గాస్కెట్ పట్టుకొచ్చాడు. అది మా కుక్కర్‌కు పట్టలేదు. ముందు ఇంట్లో ఉన్న కుక్కర్ సైజు చూసుకోవాలన్న సంగతి అంత పెద్ద పరిశోధనలోనూ ఎక్కడా తగల్లేదట. అలాంటి మనిషి చేతికి డిజిటల్ కెమెరా వచ్చిందంటే ఇక నా బతుకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందరూ ఫోన్‌తో తీసుకునే ఈ రోజుల్లో కెమెరా ఎందుకండీ అని అడిగాను. ‘‘ఫోన్‌ల పడేది బొమ్మ. కెమెరాల పడేది ఫొటో’’ అన్నాడు. సరే, ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకున్నాను. అశోక్ నగర్‌లో మా డాబా మీది పావురాలను తీశాడు. పిట్టగోడ మీద చీమలను తీశాడు. వంకాయలు తరుగుతుంటే నా చేతులు తీశాడు. మొహం మాత్రం తియ్యడు. నా మొహానికి లైటింగ్ సరిపోదట! పెళ్లైన ఇన్నేళ్లకు తెలిసిన సంగతి.

కానీ ఈ కథ మా ఆయనది కాదు, మా అక్కది. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావగారు పోయేనాటికి వాళ్ల అమ్మాయి ఇంకా గౌన్లు తొడుక్కునే వయసులో ఉంది. అక్క ముషీరాబాద్‌లో ఒక బడిలో సైన్సు టీచరు. చిక్కడపల్లి సందులో కిరాయి ఇంట్లో ఉంటూ, పిల్లను చదివించి, ఉద్యోగంలో కుదిరేదాకా వెన్నంటి నిలబడింది. సంబంధం కూడా తనే చూసి, తనే మాట్లాడి ఖాయం చేసుకుంది. ఇన్ని చేసిన మనిషికి నిశ్చితార్థం రోజున మావాళ్లు కేటాయించిన చోటు ఏదనుకున్నారు? హాలు వెనక, వంటలు దించే గది తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ.

ఈ ఏర్పాటు మా పెద్ద ఆడబిడ్డది. మా ఆయనకూ, పోయిన బావగారికీ అక్క. అడిక్‌మెట్‌లో కొడుకు, పెళ్లీడుకొస్తున్న మనుమరాలితో ఉంటుంది. శాస్త్రాలన్నీ ఆవిడ పేరున రిజిస్ట్రేషన్ అయినట్టు మాట్లాడుతుంది. ‘‘నేనేమన్న పరాయిదాన్నా చెప్పు? నాకు మాత్రం బాధ ఉండదా? కాని శుభమా అని పిల్ల పెళ్లి. తల్లి ముంగల తిరిగితే మంచిగుండది. నలుగురూ నాలుగు మాటలంటరు’’ అని అక్కకు నచ్చజెప్పింది. ఆ నలుగురు ఎవరో నేను ఈనాటికీ చూడలేదు. నాలుగు మాటలూ ఆవిడ ఒక్కతే అనేస్తుంది, ఇంకొకరికి మిగల్చదు.

అక్క ఏమీ అనలేదు. అదే నాకు ఒళ్లు మండిన విషయం. నేనైతే ఆ కుర్చీ ఎత్తి స్టేజీ మధ్యలో వేసుకుని కూర్చునేదాన్ని. ఆవిడ మాత్రం మా ఆయన్ను పిలిచి మెల్లగా చెప్పింది. ‘‘తమ్మీ, నాకు ఈడికెళ్లి ఏం కనపడదు. ఉంగరాలు మార్చుకునేటప్పుడు జర మంచిగ ఫొటోలు తియ్యి. ఇంటికి పోయినంక అవే చూస్కుంట.’’

నిశ్చితార్థానికి వేరే ఫొటోగ్రాఫర్‌ను పెట్టలేదు. ‘‘నేనున్న గద’’ అని మా ఆయన అందరి నోళ్లూ మూయించాడు. ఉంగరాల సమయానికి ముందుకు ఉరికి, మోకాలు మీద కూర్చుని, కెమెరా బటన్ నొక్కి పట్టుకున్నాడు. వదలకుండా నొక్కి పడితే ఫొటోలు వరసగా పడిపోతాయట. టకటకమని పడ్డాయి కూడా. సరిగ్గా మా పిల్ల చెయ్యి చాచేసరికి కెమెరా మూగబోయింది. పక్కన ఎర్రలైటు మిణుకు మిణుకుమంటోంది.

‘‘ఆగుండ్రి! జర ఆగుండ్రి! రాస్తున్నది!’’ అని కేకేశాడు మా ఆయన.

‘‘ఏం రాస్తున్నదయ్యా?’’ అన్నాడు పంతులు కంగారుగా.

‘‘కార్డు! కార్డు మీద రాస్తున్నది!’’

కార్డు రాసుకోవడం అయ్యేదాకా ముహూర్తం ఆగుతుందా? మా ఆయన పాత ఫోన్‌లోంచి ఊడదీసిన చిన్న కార్డును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అంతకుముందే కెమెరాలో దూర్చి ఉంచాడు. కెమెరా ఫొటోలు గబగబా తీసి పోస్తుంటే, ఆ ముసలి కార్డు ఒక్కొక్కటే నెమ్మదిగా మింగుతోంది. లోపల నిండిపోయాక కెమెరా ఇంకేం చేస్తుంది పాపం? నోరు మూసుకుంది.

సాయంత్రం మా ఇంట్లో అక్క ఆ ఫొటోలు చూసింది. పంతులు వాచీ చూసుకోవడం పడింది. ఆ తర్వాతి ఫొటోలో పెళ్లికొడుకు మేనమామ నోట్లో లడ్డూ ఉంది. మధ్యలో ఏమీ లేదు. అక్క వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి చూసింది. ‘‘మధ్యలనే గద తమ్మీ నా బిడ్డ ఉన్నది’’ అంది.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. మా ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కే మళ్లీ అంది. ‘‘పోనియ్యి. జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడన్న ఇట్ల ఆగిపోకుంట చూడు. ఆడ గూడ నన్ను ముంగలికి రానియ్యరు గద.’’

పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను పెళ్లికొడుకు వాళ్లు మాట్లాడారు. ఆ ఫొటోగ్రాఫర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆల్బమ్ చేతికొచ్చేసరికి పెళ్లికూతురికి సీమంతం దగ్గరపడుతుంది. పైగా వాళ్లకు అసలు ముహూర్తంతో పని లేదు. ‘‘ఇంకోసారి పెట్టుండ్రి సార్, ఇటు చూసి నవ్వుండ్రి మేడమ్’’ అని మళ్లీ పెట్టిస్తారు. అక్కకు ఆ రెండోసారి పెట్టింది వద్దు. అడ్డుతెర దించగానే తన బిడ్డ మొహం ఎలా ఉందో, అదొక్కటే కావాలి. కాబట్టి వేగంగా రాసే కార్డు ఒకటి తేవాలి. ఇదీ మా ఆయన నెత్తిన పడ్డ బాధ్యత.

ఇక చూడాలి పరిశోధన! ముందు ఆఫీసులో అడిగాడు. ‘‘పెద్దది తీస్కో, డబుల్ జీబీ తీస్కో, స్పీడ్ అదే వస్తది’’ అని పక్క సీటాయన సలహా. మా ఆయన అదేదో వేదవాక్కులా నాకొచ్చి చెప్పాడు. బీరువా పెద్దదైతే బట్టలు తొందరగా మడతపడతాయా అండీ అన్నాను. ‘‘నీకు టెక్నికల్ విషయాలు తెల్వయ్’’ అన్నాడు. నిజమే, నాకు బీరువాల సంగతే తెలుసు.

తర్వాత మా మేడమీది పోర్షన్‌లో కిరాయికి ఉండే పిల్లల్ని అడిగాడు. అశోక్ నగర్‌లో ఇల్లు ఉందంటే మీది పోర్షన్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉన్నట్టే. వాళ్లు ఏ విషయాన్నైనా నాలుగు ఆప్షన్లుగా తప్ప చూడలేరు. ఒకడు కార్డు రకాలన్నీ చకచకా చెప్పి, ‘‘అంకుల్, ఇసొంటి ప్రశ్నల ఎక్కువసార్లు ‘పైవన్నీ’ కరెక్ట్ అయితది’’ అన్నాడు. ఆ తర్వాత మా ఆయన పార్కులో వాకింగ్ మిత్రులకు ఈ సమస్య విన్నవించాడు. వాళ్లలో ఒకాయన తన అల్లుడు ఏ కార్డు వాడతాడో చెప్పబోయి, అల్లుడి ఉద్యోగం, అల్లుడి ఫ్లాటు, అల్లుడి కారు దాకా వెళ్లాడు. కార్డు దగ్గరికి తిరిగి రాలేదు.

ఇంట్లో రాత్రీ పగలూ అదే గోల. అసలు ఆ కార్డు చూస్తే గోరుకంటే కాస్త పెద్దది. దాని మీద పంచాంగమంతా అచ్చేశారు. గుండ్రం గీత మధ్యలో పది, కప్పులాంటి బొమ్మలో మూడు, వీ అక్షరం పక్కన ముప్పై, మూలన రోమన్ అంకె, వీటన్నిటి మీదా ఇంత లావున నూట డెబ్భై అనో రెండొందలు అనో ఒక పెద్ద అంకె. మా ఆయన భూతద్దం పెట్టి చూసి, ‘‘పెద్ద అంకె ఎంత పెద్దగుంటే అంత స్పీడ్. సింపుల్’’ అని తేల్చాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇంత పరిశోధనకూ తేలింది పెద్దది పెద్దదని.

నారాయణగూడలో ఒక కెమెరా దుకాణం ఉంది. ఆ దుకాణదారుడు మా ఆయన్ను చూడగానే మనిషిని అంచనా కట్టేశాడు. మామూలు కార్డులు చూపించనే లేదు. లోపలి అరలోంచి ఒక డబ్బా తీసి, బంగారు కొట్టులో నగ చూపించినట్టు మెత్తని గుడ్డ మీద పెట్టాడు. ‘‘సార్, ఇది చూడుండ్రి. అన్ని కార్డులకు వెనుక ఒక్క వరసనే ఉంటది పిన్నులు. దీనికి రెండు వరసలు. సినిమావాళ్లు వాడేది. మీ అసొంటి తెలిసినోళ్లకే చూపిస్త.’’

‘తెలిసినోళ్లు’ అన్న మాట చెవిన పడ్డాక మా ఆయన ఇంకేమీ వినలేదు. ఆ రెండు వరసల కార్డు కొని, రొమ్ము విరుచుకుని ఇంటికొచ్చాడు. తిన్నగా చిక్కడపల్లి వెళ్లి అక్కకు చూపిద్దామన్నాడు. నేనూ వెంట వెళ్లాను. దారిలో ఉప్మా పెసరట్టు తినిపించాడు కూడా, అంత సంతోషం ఆయనకు.

అక్క కార్డును వెనక్కి తిప్పి చూసింది. లోపలికెళ్లి ఒక పుస్తకం తెచ్చింది. చూస్తే మా కెమెరాతో వచ్చిన పుస్తకం! మా ఆయన దాన్ని డబ్బాలోంచి బయటికే తీయలేదు. అక్క ఎప్పుడో అడిగి పట్టుకెళ్లింది, మేమే మర్చిపోయాం. పేజీల మధ్య పెన్సిల్ గుర్తులున్నాయి. బళ్లో పాఠం చెప్పేముందు పాఠం చదువుకునే అలవాటున్న మనిషి.

‘‘తమ్మీ, ఈ రెండో వరస ఎందుకో చెప్పిండా ఆయన?’’

‘‘స్పీడుకు వదినె. ఒకటి పోతుంటే ఇంకోటి వస్తది’’ అన్నాడు మా ఆయన, టూవే ట్రాఫిక్ వివరిస్తున్నట్టు.

‘‘మరి కెమెరా లోపల గూడ రెండో వరస ఉండాలె గద? మన కెమెరాకు లేదు, ఇగో ఈడ రాసిన్రు. మన కెమెరాల పెడితే ఇది మామూలు కార్డు లెక్కనే పనిచేస్తది. రెండో వరస ఉత్తగ ఉంటది.’’

కుక్కర్ గాస్కెట్ సంగతి నేను ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు. మా ఆయన మాత్రం నా వైపు చూసి, ‘‘నువ్వేం మాట్లాడకు’’ అన్నాడు. నేను నోరు తెరిస్తే కదా!

మర్నాడు ముగ్గురం నారాయణగూడ వెళ్లాం. డబ్బా తెరిచాక వాపసు లేదన్నాడు దుకాణదారుడు. ‘‘అమ్మేటప్పుడు ఏ కెమెరాకు అని అడిగినవా బాబూ?’’ అంది అక్క. క్లాసులో వెనక బెంచీవాణ్ని లేపి అడిగినట్టుంది గొంతు. ‘‘సార్‌కు తెలుసనుకున్న మేడమ్’’ అన్నాడు వాడు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయడం మర్యాద కాదు. అక్కడున్న ఇంకో ఇద్దరు గిరాకీలు కొనడం మానుకుని మమ్మల్ని చూడటం మొదలుపెట్టాక, వాడు కార్డు మార్చిస్తానన్నాడు.

ఈసారి అక్కే ఎంచింది. పెద్ద అంకె చూడనే లేదు. ప్యాకెట్ తిప్పి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదివింది. ‘‘ముంగల పెద్దగ కొట్టింది చదివే స్పీడ్. అంటే ఫొటోలు కార్డు మీదికెళ్లి కంప్యూటర్లకు ఎంత జల్ది పోతయో అది. మనకు కావాల్సింది రాసే స్పీడ్. అది తక్కువుంటది, అందుకే వెనుక దాసిపెడ్తరు. ఇగో, ఈ వీ ముప్పై ఉన్నది చూడు, ఎంత మెల్లగయినా సెకనుకు ముప్పై ఎంబీలకు కిందికి దిగనని మాట ఇచ్చుడన్నట్టు’’ అని మా ఆయనకు పాఠం చెప్పింది.

నాకు మా మీది పోర్షన్ పిల్లలు గుర్తొచ్చారు. చదివే స్పీడుకు వాళ్లలో లోటే లేదు, పుస్తకాలకు పుస్తకాలు మింగేస్తారు. రాద్దామంటేనే పరీక్ష రాదు. అశోక్ నగర్ మొత్తం అలాంటి కార్డులతోనే నిండి ఉంది. గవర్నమెంటువాళ్లు ప్రకటించే ఉద్యోగాల పెద్ద అంకెలు కూడా ముందువైపే ఉంటాయి మరి.

ఆ కార్డు తీసుకుని బయటికొచ్చాక అక్క కెమెరా అడిగింది. ‘‘కార్డు మంచిగున్నదో లేదో చూసి పోదాం’’ అంది. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నిలబడి, వచ్చే బస్సుల మీద పరీక్ష మొదలుపెట్టింది. అంతకుముందు ఏదో మీట తిప్పి, ‘‘నువ్వు ప్రతి ఫొటో రెండు రకాలుగ పడేటట్టు పెట్టినవు తమ్మీ. అందుకే కార్డుకు అంత భారమయ్యింది. ఒక్క రకం చాలు’’ అంది. అలా పెట్టాలని ఎవరో వీడియోలో చెప్పారని గొణిగాడు మా ఆయన. అక్క బటన్ నొక్కి పట్టుకుంది. బస్సు దూరం నుంచి మా ముందుకొచ్చి దాటిపోయేదాకా టకటకమంటూనే ఉంది. ఎర్రలైటు వెలిగింది గానీ కెమెరా ఆగలేదు.

‘‘ఇంకో బస్సు చూస్త’’ అంది అక్క. ఆ తర్వాత ఆటోలు చూసింది, స్కూటర్లు చూసింది, రోడ్డు దాటుతున్న ఒక పెళ్లి బృందాన్ని కూడా చూసింది. మండుటెండలో మా ఆయన కర్చీఫ్ నెత్తిన కప్పుకుని, ‘‘కార్డు టెస్ట్ అయిపోయింది గద, ఇంకేంది’’ అని నా చెవిలో గొణిగాడు. నాకూ అర్థం కాలేదు. కొత్త కార్డు మోజనుకున్నాను.

పెళ్లి దగ్గరపడింది. ఒకరోజు పొద్దున మా ఆయన కార్డును బనీను గుడ్డతో తుడుస్తూ, ముహూర్తానికి ఎక్కడ నిలబడాలో, ఏ పక్క నుంచి వెలుతురొస్తుందో నాకు వివరిస్తున్నాడు. అంతలో పంతులుగారు ఫోన్ చేశారు. ‘‘కన్యాదానం చేసే దంపతులు ఆ రోజు ఉపవాసం ఉండాలె. మీరిద్దరూ పొద్దున్నే కాఫీ తప్ప ఏం ముట్టొద్దు’’ అన్నారు. మా ఆయన సరేనండీ సరేనండీ అని ఫోన్ పెట్టేసి, మళ్లీ కార్డు తుడవబోయి ఆగిపోయాడు.

కన్యాదానం చేసే దంపతులం మేమే! అక్క కూర్చోకూడదు కనుక పీటల మీద పినతండ్రీ పినతల్లీ కూర్చోవాలని నెలల కిందటే నిర్ణయమైంది. నా పట్టుచీరా, ఆయన పట్టుపంచె కూడా వచ్చేశాయి. కొంగులు ముడివేసుకుని, చేతిలో నీళ్ల చెంబు పట్టుకుని, పంతులు చెప్పినదల్లా చేస్తూ కూర్చోవలసిన మనిషి, ఆ క్షణంలోనే మోకాలు మీద కూర్చుని ఫొటోలు తీద్దామని ఇన్నాళ్లూ ప్లాన్లు వేశాడు. వీ ముప్పై, కప్పులో మూడు అన్నీ చూసుకున్నాడు. తనకున్నవి రెండే చేతులన్నది చూసుకోలేదు. నేను మాత్రం? పక్కనే కూర్చోబోయే దాన్ని, నాకూ తట్టలేదు. మా ఇంటిల్లిపాదికీ పెళ్లంటే ఒక అరలో, ఫొటో అంటే ఇంకో అరలో ఉంటుంది కాబోలు.

‘‘ఇప్పుడెట్లనే?’’ అన్నాడు బిక్కమొహం వేసి.

అక్కను పిలిపించాం. మా ఆయన చెప్పలేక చెప్పలేక చెప్పాడు. అక్క కాస్త కూడా కంగారు పడలేదు. ‘‘నేను తీస్త’’ అంది.

‘‘నువ్వా వదినె? మండపం మీదికెక్కి తియ్యాలె. అడిక్‌మెట్ అక్క ఊకుంటదా?’’

‘‘ఫొటోలు తీసెటోళ్లను ఎవరన్న ఆపంగ చూసినవా తమ్మీ?’’

నిజమే కదా! పెళ్లి మండపం మీద బూట్లతో తిరిగేది వాళ్లొక్కరే. పంతులుకు వీపు పెడతారు, అగ్నిహోత్రం దాటతారు, అక్షింతలు వేయడానికొచ్చిన పెద్దవాళ్లను మోచేత్తో తోస్తారు. వాళ్లది ఏ కులమో, ఇంట్లో మైల ఉందో, పెళ్లాం ఉందో పోయిందో ఎవరడిగారు? మెడలో కెమెరా ఉన్నవాణ్ని చూస్తే శాస్త్రం పక్కకు తప్పుకుంటుంది. ఇంత కాలం నా నోటికి తట్టని సమాధానం, నోరు లేదనుకున్న మా అక్కకు తట్టింది. కెమెరా పుస్తకం మీద పెన్సిల్ గుర్తులు, ఎండలో బస్సుల మీద అంత సాధన ఎందుకో అప్పుడు నాకు వెలిగింది. కార్డు పరీక్ష కాదది, చేతి పరీక్ష.

‘‘మన ఆడబిడ్డకు ముందే చెప్పొద్దు’’ అన్నాను.

‘‘నేనెందుకు చెప్త?’’ అంది అక్క.

నారాయణగూడలో ఫంక్షన్ హాలు. పొద్దున ముహూర్తం. భోజనాల హాలు తలుపు దగ్గర అక్కకోసం కుర్చీ వేయించి ఉంది, ఈసారి దానికి తెల్లగుడ్డ తొడిగారు. మర్యాదలో అంత అభివృద్ధి! మా ఆడబిడ్డ మండపం మెట్ల దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడి, ఎవరు ఎక్కాలో ఎవరు ఎక్కకూడదో చూస్తోంది. నేనూ మా ఆయనా కొంగుముళ్లతో, ఖాళీ కడుపులతో పీటల మీద ఉన్నాం. అడ్డుతెర అటు పెళ్లికొడుకు, ఇటు మా పిల్ల. బుగ్గచుక్కా బాసికమూ పెట్టుకుని తల వంచుకున్న పిల్ల మాటిమాటికీ కళ్లెత్తి జనంలో వెతుకుతోంది. ఎవరికోసమో నాకు తెలుసు.

పంతులు లగ్నం దగ్గరపడిందని అన్నాక అక్క వచ్చింది. ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కొంగు నడుముకు బిగించింది. మెడలో కెమెరా.

‘‘ఏందమ్మా, ఏడికి?’’ అంది మా ఆడబిడ్డ మెట్లకు అడ్డంగా.

‘‘ఫొటోకు, వదినె’’ అంది అక్క, ఆగకుండానే.

‘‘ఫొటో ఏంది? ఫొటోవాడున్నడు గద! నువ్వు ఇప్పుడు...’’

అంతలో పంతులుగారు మంత్రం మధ్యలో చెయ్యి ఊపారు. ‘‘అమ్మా, పెద్దమ్మగారూ, మీరు జర పక్కకు జరగండి. ఫొటోలకు అడ్డమొస్తున్నరు.’’ ఆయన పొట్ట నిండేది ఫొటోలున్న పెళ్లిళ్లతోనే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ రోజు దేవుణ్ని అడగకుండానే పూజారి ఇచ్చేశాడు. మా ఆడబిడ్డ పక్కకు జరిగింది. జీవితంలో ఆవిడ ఒకరు చెప్తే జరగడం నేను చూసింది అదొక్కసారే.

అద్దె ఫొటోగ్రాఫర్ కూడా ఊరుకోలేదు. ‘‘ఆంటీ, జర లెఫ్ట్‌కు రాండ్రి, నా ఫ్రేములకొస్తున్నరు’’ అన్నాడు. ‘‘నువ్వే జరుగు బాబు’’ అంది అక్క, కన్ను కెమెరాకు ఆనించి. పిల్లకు బారెడు దూరంలో నిలబడింది.

గట్టిమేళం మోగింది. జీలకర్ర బెల్లం ముద్దలు నెత్తిన పెట్టారు. అడ్డుతెర జారింది. ఆ డోలు చప్పుడులోనూ నాకు అక్క కెమెరా టకటకమనడం వినిపించింది. ఆగలేదు. అక్షింతలు మా అందరి మీదా పడుతున్నాయి, అక్క నెత్తి మీదా పడుతున్నాయి, ఆ చప్పుడు ఆగలేదు. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను. మా ఆయన చెంబు పట్టుకున్న చేత్తోనే నా మోచేతిని పొడిచి, ‘‘ఆగలేదే! చూసినవా, అస్సలు ఆగలేదు! వీ ముప్పై అంటే వీ ముప్పై!’’ అన్నాడు. ‘‘అయ్యా, మంత్రం’’ అన్నారు పంతులుగారు.

అక్క తీసిన ఫొటోలు ఆ మర్నాడు మా కంప్యూటర్లో చూసుకున్నాం. పెళ్లికొడుకు అరచెంప, చెవి తప్ప ఎక్కడా పడలేదు. ఒకటీ అరా కదిలిపోయాయి. మిగిలినవన్నీ పిల్ల మొహమే. తల వంచుకుని ఉండటం, ఉలిక్కిపడటం, కళ్లెత్తడం, కళ్లు నిండటం, పెదవి కొరుక్కోవడం, ఆపైన నవ్వడం, ఒక్కటి కూడా తప్పిపోకుండా ఉన్నాయి. అక్క మొదటి నుంచి చివరిదాకా చూసి, మళ్లీ మొదటికెళ్లింది. మా ఆయన వెనకాల నిలబడి కార్డు గొప్పతనం చెప్పబోతే కాలు తొక్కి ఆపాను.

అసలు తమాషా ఆల్బమ్ వచ్చాక జరిగింది. మా ఇంట్లోనే అందరం కూర్చుని చూశాం. ఇటు మా ఆడబిడ్డ, అటు అక్క, మధ్యలో మా ఆయన ఒళ్లో పీటంత ఆల్బమ్. మండపం పేజీలు రాగానే మా ఆడబిడ్డ మొహం మాడిపోయింది. జీలకర్ర బెల్లం ఫొటోలో నట్టనడుమ అక్క. అవతలి పేజీలో అక్క. పెద్దగా వేసిన ఫొటోలో కూడా అక్కే, కెమెరా మొహానికి ఆనించుకుని. వెలి వేద్దామనుకున్న మనిషే పెళ్లంతటికీ నడిమధ్యన నిలబడి ఉంది.

‘‘ఆ ఫొటోవాణ్ని పిలువు. ఇప్పుడు కంప్యూటర్ల మనుషులను తీసేస్తున్నరంట గద, తీసెయ్యమను’’ అంది మా ఆడబిడ్డ. అక్క అక్కడే కూర్చుని ఉండగానే అంది. ఆవిడే మా ఆయన ఫోన్ లాక్కుని ఫొటోగ్రాఫర్‌కు చేసి, స్పీకర్ పెట్టి చెప్పింది.

‘‘తీసేస్త మేడమ్, ఎంతసేపు పని’’ అన్నాడు వాడు హుషారుగా. ‘‘కాని తర్వాత మళ్ల నన్ననొద్దు. ఆ ఫొటోల అన్నింట్ల పెళ్లికూతురు ఆ ఆంటీ దిక్కే చూస్తున్నది. పెళ్లికొడుకును ఒక్కదాంట్ల గూడ చూడలే. ఆంటీని తీసేస్తే అమ్మాయి గోడను చూసి ఏడుస్తున్నట్టు కనపడ్తది. ఓకేనా?’’

ఓకే అని ఎవరంటారు? మా ఆడబిడ్డ ఫోన్ పెట్టేసింది. ఆ పేజీ మీదికి వంగి, కళ్లజోడు సర్దుకుని, పిల్ల చూపు ఎటుందో వేలితో గీసి చూసుకుంది. ఆ వేలు వెళ్లి అక్క మీదే ఆగింది. వెనక్కి వాలింది.

‘‘సరే, ఉండనియ్యి తియ్యి. మొఖం యాడ కనపడుతున్నదిలే. కెమెరా అడ్డమున్నది గద’’ అంది.

నా నోటిదాకా వచ్చిన మాటలు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. కానీ నాకంటే ముందు అక్క మాట్లాడింది. ఆల్బమ్ మా ఆయన ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకుని, పేజీ తిప్పుతూ, చాలా మామూలుగా అంది.

‘‘మీ మనుమరాలి పెళ్లికి కెమెరా లేకుండనే వస్త, వదినె.’’